మూడు కిలోమీటర్ల బండికి పట్టిన మసి: పదకొండేళ్ల వాడకం తర్వాత

2014 ఆగస్టులో కొన్న 150 సీసీ బండి ఇది. గాలికి చల్లబడే ఇంజను, కార్బురేటరు, రెండు వాల్వులు. ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగితే, అందులో 52,000 మొదటి ఐదేళ్లలోనే అయిపోయాయి. అప్పట్లో నా ఆఫీసు గన్నవరంలో. విజయవాడ సత్యనారాయణపురంలోని ఇంటి నుంచి రోజూ వెళ్లి రావడానికి 40 కిలోమీటర్లు, అదీ ఎక్కువ భాగం హైవే. ఆ ఐదేళ్లలో ఇంజనాయిలు మార్చడం, చైను బిగించడం తప్ప బండికి నేను చేసిన సేవ ఏమీ లేదు.

2019లో ఆఫీసు గవర్నర్‌పేటకు మారింది. ఇంటికి మూడు కిలోమీటర్లు కూడా లేదు. బండికి ఇక విశ్రాంతి అని సంబరపడ్డాను. బండి పాడవడం అక్కడే మొదలైంది.

బండి ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. ఇంజనులో పట్టిన కార్బన్‌ను వదిలించడానికి చేసిన ప్రయత్నాల్లో ఏది పనిచేసింది, ఏది నా జేబుకు చిల్లు పెట్టింది అన్నదే రాస్తున్నాను.

2021 వేసవిలో ఒక సాయంత్రం భవానీపురంలో అత్తగారింటికి బయలుదేరాం. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, నాలుగో గేరులో, గాజులు రాసుకున్నట్టు సన్నటి గలగల. వెనక కూర్చున్న మా ఆవిడ చేతులు కదుపుతోందేమో అనుకున్నాను. ‘నావి కావు’ అంది. గేరు తగ్గిస్తే చప్పుడు పోయింది, మళ్లీ పెంచి యాక్సిలరేటర్ తిప్పితే వచ్చింది. ఆ తర్వాతి నెలల్లో ఒక్కొక్కటీ తోడయ్యాయి. కిక్ బరువెక్కింది. తాళం తిప్పేశాక కూడా ఇంజను పొలమారినట్టు ఒకటి రెండు సార్లు కొట్టుకుని ఆగేది. లీటరుకు 48 ఇచ్చే మైలేజీ 39కి దిగింది.

ఈ లక్షణాలన్నిటికీ మూలం ఒక్కటే. పిస్టన్ నెత్తిమీద, దాని పైన మూతలా ఉండే హెడ్ లోపల కార్బన్ పేరుకుంటే ఆ మేరకు లోపలి చోటు తగ్గుతుంది, కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, పెరుగుతుంది. అందుకే కిక్ బరువు. పైగా ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. అక్కడక్కడా నిప్పుకణికలా ఎర్రబడి, ప్లగ్గు మంట వేయకముందే పెట్రోలును అంటించేస్తుంది. ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా దుకాణంలో సీసాలు దొరుకుతాయని.

పెట్రోలు ట్యాంకులో పోసే శుభ్రపరిచే మందు ఏడాదిలో ఆరు సీసాలు పోశాను. ఒక్కోటి 300 రూపాయల పైమాటే. నా బండికి దానివల్ల ఒరిగింది దాదాపు శూన్యం. అయితే మందును పూర్తిగా తీసిపారేయలేను. మా ఇంట్లో 2021లో కొన్న ఇంజెక్షన్ స్కూటరు ఉంది, అంటే కార్బురేటరుకు బదులు ఇంజెక్టరు పెట్రోలును చిమ్మే రకం. ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడు, వణుకుతుంటే అదే మందు పోశాం, రెండు ట్యాంకులకల్లా వణుకు సర్దుకుంది. ఇంజెక్టరు మూతికి పట్టిన జిగురును అది కరిగించగలదు. పిస్టన్ మీద గట్టిపడిన పెచ్చును, అందులోనూ ఇంజనాయిలు కాలి ఏర్పడినదాన్ని, ట్యాంకులో కలిపిన నాలుగు చుక్కలు ఏం చేయగలవు?

తర్వాత ఎవరో చెబితే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు మారాను. గాజుల చప్పుడు వెంటనే తగ్గింది. ఇది మందుకంటే మోసకారి. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు తొందరపడి అంటుకోదు కాబట్టి చప్పుడు ఆగుతుంది, లోపలి కార్బన్ మాత్రం హాయిగా పెరుగుతూనే ఉంటుంది. జ్వరం మాత్ర వేసుకుని పనికి పోయినట్టు ఎనిమిది నెలలు గడిపాను.

మూడోది నురుగు వైద్యం. ఒక దుకాణంలో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి నురుగు కొట్టి, అరగంట నానబెట్టి స్టార్టు చేశారు. సైలెన్సరు నుంచి నల్లటి నీళ్లు, పొగ. చూడ్డానికి మహా తృప్తిగా ఉంది, ఫోనులో వీడియో కూడా తీసుకున్నాను. మర్నాడు ఉదయం బండి లేవలేదు. నిన్నటిదాకా బరువుగా ఉన్న కిక్, గాలి పోయిన బంతిలా తేలిపోయింది. నానిన కార్బన్ పెచ్చు ఒకటి ఊడి ఎగ్జాస్ట్ వాల్వు కింద ఇరుక్కుంది, వాల్వు మూసుకోవడం లేదు. ఆయిల్ మూత తీసి వాసన చూస్తే థిన్నరు కంపు. నురుగు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఇంజనాయిలులో కలిసింది. ఈ పని చేశాక ఆయిల్ మార్చి తీరాలని వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే నురుగుకూ బండి లేవకపోవడానికీ సంబంధం లేదన్నారు. నురుగు చెడ్డదని కాదు గానీ, 50,000 దాటి లోపల పెచ్చులు కట్టిన ఇంజనుకు మాత్రం నేను చేయించమని చెప్పను.

బండిని ఆటోలో వేసుకుని ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. మా నాన్నగారి టూ స్ట్రోకు స్కూటరు రోజుల నుంచి తెలిసినాయన. అప్పట్లో సైలెన్సరు విప్పి మంటలో ఎర్రగా కాల్చి, సుత్తితో తట్టి మసి రాలగొట్టేవారు. ఆ స్కూటర్లు నూనె కలిపిన పెట్రోలుతో నడిచేవి కాబట్టి కార్బన్ మామూలే. ‘ఫోర్ స్ట్రోకుకు ఇంత మసి ఎందుకు వస్తుందండీ? ప్లగ్గు విప్పి చూసి ఎన్నాళ్లయింది?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏడాదిన్నరగా వేలు పోశాను గానీ, సీటు కింద పనిముట్ల సంచిలో ఉన్న ప్లగ్గు పానా ఒక్కసారి బయటికి తీయలేదు.

ప్లగ్గు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం కథలో రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇదే. మధ్యలోని పింగాణీ బిస్కెట్ రంగులోనో, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులోనో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. లాంతరు చిమ్నీకి పట్టినట్టు పొడి మసి వేలికి అంటితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగా, జిడ్డుగా మెరిస్తే ఇంజనాయిలు పైకి వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కి ఉంటే వేడి మితిమీరింది, అది వేరే సమస్య. కొన్ని కిలోమీటర్లు మంచి వేగంతో నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా అక్కడికక్కడే ఇంజను ఆపి, చల్లారాక విప్పి చూడాలి. ఇంటి ముందు పది నిమిషాలు ఊరికే ఆడించి విప్పితే ఏ ప్లగ్గయినా నల్లగానే కనిపిస్తుంది. వేడి మీద విప్పబోతే వేళ్లు కాలడం ఒక ఎత్తు, అల్యూమినియం హెడ్‌లో మరలు చెడడం ఇంకో ఎత్తు. మొదటిది నాకు అనుభవమే.

నా ప్లగ్గు అంచంతా పొడి మసి. ఒక పక్కన మాత్రం తారు ఎండినట్టు గట్టి పెచ్చు. అంటే రోగాలు రెండు: పెట్రోలు ఎక్కువ కావడం, ఇంజనాయిలు కాలడం.

పొడి మసికి కారణం పది నిమిషాల్లో దొరికింది. చల్లటి ఇంజను లేవడానికి పెట్రోలు ఎక్కువ అందించేది చోక్. దాని మీట కిందికే ఉంది, కానీ కేబులు తొడుగు లోపల తుప్పు పట్టి కార్బురేటరులోని చిన్న ఇత్తడి పిస్టన్ పూర్తిగా దిగడం లేదు. అంటే ఎన్నాళ్ల నుంచో సగం చోక్ వేసుకునే తిరుగుతున్నాను. కొత్త కేబులు 140 రూపాయలు. దానికి నా మూడు కిలోమీటర్ల ప్రయాణం తోడయింది. ప్లగ్గు తన మసిని తానే కాల్చుకోవాలంటే దాని మొన సుమారు 450 డిగ్రీలకు చేరాలి. సిగ్నల్ దగ్గర ఆగుతూ, మూడో గేరు దాటకుండా వెళ్తే ఇంజను వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది.

రెండోది తేల్చడానికి కొంత సమయం పట్టింది. లీటరు పోసిన ఆయిలు 2,500 కిలోమీటర్ల తర్వాత దింపితే 700 మిల్లీలీటర్లే వచ్చింది. వాల్వు కింది పెచ్చు తొలగించాక మేస్త్రీ కంప్రెషన్ గేజి పెట్టాడు. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిలు వేసి మళ్లీ చూశాడు. రింగులు అరిగితే ఆ నూనె సందులు మూసి అంకె పెరగాలి. పెద్దగా పెరగలేదు, రింగులు బాగున్నాయి. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు మాత్రమే ఒక్క బుస్సున నీలం పొగ వస్తోంది కాబట్టి ఆయిలు వాల్వుల పక్కనుంచి లోపలికి దిగకుండా ఆపే సీళ్లు ఎండిపోయాయని తేల్చాడు. ఇందులో నా చేతి పనీ ఉంది. ఆయిలు మట్టాన్ని ఎప్పుడూ సైడ్ స్టాండ్ మీదే చూసేవాణ్ని. బండి ఎడమకు ఒరుగుతుంది, ఆయిలు మట్టం చూపే గాజు కన్ను కుడివైపు ఉంది, ఆయిలు తక్కువగా కనిపిస్తుంది. తగ్గిందని పోసేవాణ్ని. ఎక్కువైనది ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి చేరి, అక్కణ్నుంచి మళ్లీ ఇంజనులోకి పోయి కాలేది.

2023 జనవరిలో హెడ్ దించారు. అడుగంటిన పాలగిన్నెను ఎప్పుడైనా చూశారా? పిస్టన్ అచ్చం అలాగే ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు వైపు పెచ్చు గోరంత మందం. మేస్త్రీ ఇనుప పనిముట్టు ముట్టుకోలేదు. వెదురు పుల్లను చెక్కి, పెట్రోలులో ముంచి, ఓపికగా గీకాడు. మెత్తటి అల్యూమినియం మీద గీత పడితే కొత్త కార్బన్ ముందు పట్టేది అక్కడే. పిస్టన్ అంచు చుట్టూ సన్నటి వలయాన్ని కావాలనే వదిలేశాడు. పాత ఇంజనులో అది నూనెకు అడ్డుకట్ట అట. వాల్వులను పేస్టుతో రుద్ది కూర్చోబెట్టి, హెడ్‌ను తిరగేసి పెట్రోలు పోసి కారుతుందేమోనని పావుగంట చూశాడు. కొత్త సీళ్లు, గ్యాస్కెట్, ఆయిలు, కూలి కలిపి 3,400 రూపాయలు. అంతకుముందు సీసాలకు, నురుగుకు, ఖరీదైన పెట్రోలుకు పోసింది లెక్కవేస్తే దీనికి రెట్టింపు దాటింది.

ఆ తర్వాత 14,000 కిలోమీటర్లు తిరిగాను, మామూలు పెట్రోలుతోనే. ఫ్లైఓవర్ మీద చప్పుడు లేదు. మైలేజీ 46. ఆయిలు 2,500కు 100 మిల్లీలీటర్ల లోపే తగ్గుతోంది. మట్టం ఇప్పుడు బండిని నిలువుగా నిలబెట్టే చూస్తున్నాను. ఉదయం ఐదు నిమిషాలు నిలబెట్టి వేడెక్కించే అలవాటు మానేశాను, అర నిమిషం చాలు, మిగతా వేడి నెమ్మదిగా నడిపితే వస్తుంది. పెద్ద గేరులో ఇంజనును ఈడ్పించడం కూడా మానాను. ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసినదానికంటే ముందే మారుస్తాను, మన బెజవాడ దుమ్ము పుస్తకం రాసినవాళ్లకు తెలియదు.

అన్నిటికంటే పనిచేస్తున్నది ఆదివారం ప్రయాణం. పొద్దున్నే బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు దాకా, వెళ్లి రావడానికి సుమారు 60 కిలోమీటర్లు, ఒకే వేగంతో. మెత్తటి మసి ఆ వేడికి కాలిపోతుంది. గట్టిపడిన పెచ్చు మాత్రం దీనికి లొంగదు, ఏడాదిన్నరగా పేరుకున్న కార్బన్‌ను ఒక్క రోజు హైవేలో వదిలిద్దామనుకునేవారికి ఈ మాట.

మొన్న ప్లగ్గు విప్పి చూశాను. మధ్యలో కాఫీ రంగే, అంచున మాత్రం సన్నటి నల్లగీత. మూడు వారాలుగా వానలు, ఉయ్యూరు వెళ్లలేదు. ఈ ఆదివారం తెరిపి ఇస్తే ఏకంగా బందరు దాకా వెళ్లొస్తాను.