ఫిల్‌మోర్ మేడమీది పోస్టర్లు: శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు రోజులు

ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి బార్ట్ రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ ఫిల్‌మోర్ అనే పాత హాల్లో కచేరీ అయ్యేసరికి బాగా పొద్దుపోతుంది, ఆఖరి బండి అందుతుందో లేదో అని బెంగ. అందుకే జపాన్‌టౌన్‌లో ఒక రాత్రికి గది తీసుకున్నాం. గది ఇరుకు. పైగా కారులో వచ్చేవాళ్లు పార్కింగుకు విడిగా కట్టాలని దిగాకే తెలిసింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఫిల్‌మోర్‌కు నడిచిపోయేంత దగ్గర మరి. కారు లేనివాళ్లకు గియరీ రోడ్డు మీదుగా వెళ్లే 38 నంబరు బస్సు ఉంది.

విజయవాడ గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్ నడిపినవాణ్ణి. 1960ల నాటి రాక్ కచేరీల పోస్టర్ల పిచ్చి నాకు పాటల వల్ల పట్టింది కాదు, అచ్చుపని వల్ల పట్టింది. విక్టర్ మొస్కోసో వేసిన పోస్టరు మొదటిసారి చూసినప్పుడు అక్షరాలు కదులుతున్నట్టనిపించి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోక రిజిస్ట్రేషన్ తప్పిందేమో అనుకున్నాను. ఎంత మాత్రం కాదు. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగులు చదువుకున్నాడు. ఒకదానికొకటి పడని రెండు రంగుల్ని ఒకే గాఢతలో అంచుకు అంచు ఆనించి, కావాలనే కన్ను నిలవనీయకుండా చేశాడు.

ఫిల్‌మోర్‌లోకి వెళ్లాలంటే కచేరీ టికెట్టు ఉండాల్సిందే, మ్యూజియంలా పగలు చూసొచ్చేది కాదు. తలుపులు తీయగానే వెళ్లండి. లోపల తొట్టెలో ఆపిల్ పళ్లు పెట్టి ఉంచుతారు, అప్పట్లో ఇక్కడ కచేరీలు పెట్టించిన బిల్ గ్రాహం నాటి ఆనవాయితీ. పండు తీసుకుని తిన్నగా మేడమీది పోస్టర్ల గదికి వెళ్లిపోయాం. నాలుగు గోడలా ఖాళీ అన్నది లేదు. 1966లో గ్రాహం ఇక్కడ వరుసగా కచేరీలు పెట్టిన రోజుల్లో వెస్ విల్సన్ వేసిన అక్షరాలున్నాయే, మంటలా మెలికలు తిరిగి ఖాళీ చోటునంతా నింపేస్తాయి. చదవడానికి ఆగి తీరాలి. "నాన్నా, కింద పాట మొదలైంది" అని మా అమ్మాయి రెండుసార్లు పిలిచింది. నేను మాత్రం బోనీ మెక్లీన్ వేసిన ముఖాల ముందు నుంచి కదల్లేకపోయాను.

మర్నాడు ఒకప్పటి హిప్పీల పేట హైట్ వీధి. పక్కనే యాష్‌బరీ వీధిలో 710 నంబరు ఇంట్లో ఒకప్పుడు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం వాళ్లుండేవారు. ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు, బయటి నుంచే చూసి కదలాలి. అమీబా రికార్డుల దుకాణం ఒకప్పటి బౌలింగ్ హాల్లో ఉంది, గంట ఇట్టే గడిచిపోతుంది. హైట్ స్ట్రీట్ ఆర్ట్ సెంటర్ పేరు చూసి అదీ పక్కనే అనుకోకండి. అదే వీధి తూర్పు కొసన లగూనా దగ్గర ఉంది, 7 నంబరు బస్సెక్కాం. పోస్టరు కళ కోసమే పెట్టిన చోటు. జనం తక్కువ, తీరిగ్గా చూడనిస్తారు. ఈ ఊళ్లో ఒక్క పూటే ఉంటే నేనైతే యాష్‌బరీ మానేసి ఇక్కడికే వెళ్తాను.

కొనడం మాత్రం జాగ్రత్త. ఒక దుకాణంలో 'ఒరిజినల్' అని ఫ్రేము కట్టి చూపించినదాని మీద భూతద్దం పెట్టాను. ఆ రోజుల్లో రంగు రంగుకీ విడిగా ప్లేటు చేసి సాలిడ్‌గా, అంటే చుక్కల్లేకుండా నిండుగా అచ్చేసేవారు. అచ్చయిన పోస్టరును ఫొటో తీసి మళ్లీ వేస్తే ఆ సాలిడ్ రంగు చుక్కలుగా విడిపోతుంది. ఇక్కడ నిండా చుక్కలే. అలాగని మొదటి అచ్చు కానిదంతా నకిలీ కాదు. గిరాకీని బట్టి గ్రాహమూ, అవలాన్ బాల్‌రూమ్ అనే మరో కచేరీ హాలు నడిపిన ఫ్యామిలీ డాగ్ బృందం వాళ్లూ కొన్నిటిని తామే మళ్లీ వేయించారు. వాటి ధర తక్కువ. కాగితం, కొలత, అడుగున ఉండే సన్నక్షరాలు చూసి పోల్చుకోవాలి.

ఇంకో దుకాణంలో పెద్దాయన తనంతట తానే దీపం దగ్గరికి జరిపి, మూలన గుండుసూది గుచ్చిన మచ్చ కూడా చూపించాడు. ఆయన దగ్గరే ఫ్యామిలీ డాగ్ పోస్టుకార్డు ఒకటి 45 డాలర్లకు కొన్నాను. అదే బొమ్మ పెద్ద పోస్టరైతే నాకు అందే ధర కాదు.

చుట్టి పెట్టుకునే అట్టగొట్టం వెంట తీసుకెళ్లండి. ఫిల్‌మోర్‌లో టికెట్లన్నీ అమ్ముడైన కచేరీలకు చివర్లో పోస్టరు ఉచితంగా ఇచ్చే పద్ధతి ఇంకా ఉంది, మాకూ ఇచ్చారు. గొట్టం లేక మర్నాడంతా దాన్ని చేత్తోనే మోశాను. తిరుగు రైల్లో విప్పి చూస్తే ఇంకు వాసన ఇంకా పోలేదు.