కంప్యూటర్ మోత తగ్గాలంటే ఏది మేలు: కొత్త ఫ్యానా, బయోస్ సెట్టింగా, రబ్బరు వాషర్లా?

కంప్యూటర్ హోరెత్తిపోతోంది అనగానే అందరూ చెప్పేది ఒకటే, మంచి ఫ్యాన్ కొనుక్కోమని. నేనైతే డబ్బు తీసేముందు కేబినెట్ పక్క తలుపు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి చూడమంటాను. గుంయ్‌మనే మోత తగ్గిందంటే అది వైబ్రేషన్. ఏ తేడా లేకపోతే చాలావరకు ఫ్యానే.

ఫ్యాన్ అయితే నా ఓటు బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే, విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెట్టింగుకే, పైసా ఖర్చు లేదు. ప్రాసెసర్ ఒక్క క్షణం వేడెక్కినా ఫ్యాన్ ఒక్కసారిగా లేచి మళ్లీ పడిపోతుంటుంది, అసలు చిరాకు పెట్టేది ఆ ఎగుడుదిగుడే. అందుకని బయోస్‌లోని ఫ్యాన్ కర్వ్‌లో, అంటే ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీతలో, 60 డిగ్రీల దాకా ఒకే తక్కువ వేగం ఉంచి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ పోండి. వేగం సగం చేస్తే గాలి కూడా ఇంచుమించు సగమవుతుంది, కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది. ఫ్యాన్ ప్లగ్గుకి 3 పిన్నులే ఉంటే, అది తగిలించిన మదర్‌బోర్డు సాకెట్‌ను (హెడర్) బయోస్‌లో డీసీ మోడ్‌లో, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతిలో పెట్టాలి, 4 పిన్నుల ఫ్యాన్ల కోసం ఉన్న పీడబ్ల్యూఎం మోడ్‌లో వదిలేస్తే ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో మాత్రం కర్వ్ కాస్త పైకి జరపక తప్పదు.

దీనికంటే ముందు దుమ్ము దులపాలి, బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకుని మరీ.

బేరింగ్ అరిగి గరగరలాడుతుంటేనో, పాత 80 ఎంఎం చిన్న ఫ్యాన్ అయితేనో కొత్తది కొనండి. చోటుంటే 120 లేదా 140 ఎంఎం తీసుకోండి, తక్కువ వేగంతోనే అంత గాలీ ఇస్తుంది.

ఇక వైబ్రేషన్ సంగతి. దోషి చాలాసార్లు హార్డ్ డిస్కే: 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు, ఆ అదురు స్క్రూల గుండా రేకు తలుపుకి పాకుతుంది. డిస్క్ స్క్రూల దగ్గర వేసే రబ్బరు వాషర్లు చవక, పనిచేస్తాయి కూడా, స్క్రూలు మరీ బిగించకుండా ఉంటే. కానీ హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్‌ఎస్‌డీలో (చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) తిరిగే భాగమే లేదు, కాబట్టి అదే మేలు. విండోస్ ఎస్‌ఎస్‌డీలోకి మార్చి పాత డిస్క్‌ను ఫొటోల కోసమని లోపలే ఉంచేస్తే మోత అలాగే ఉంటుంది. దాన్ని ఎక్స్‌టర్నల్ కేసులో వేసి, అవసరమైనప్పుడే తగిలించుకోండి.

లోపల అంటించే సన్నటి ఫోమ్ షీట్ల జోలికి నేను పోను, ఈ లోతైన మోతను అవి పీల్చలేవు. పవర్ సప్లై ఫ్యాన్ అరిస్తే మాత్రం దాన్ని విప్పకండి, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, యూనిట్ మొత్తం మార్చేయడమే.