కామెడీ అని కొనే ముందు అట్ట వెనక చిన్నక్షరాలు చదవండి

అట్ట మీద ఎర్రటి పట్టీ, దాని మీద ‘అన్‌రేటెడ్’ అన్న ముద్ర, కింద ఎవరో విమర్శకుడు అన్నట్టుగా ఒకే ఒక్క మాట: ‘కడుపుబ్బ!’. ఈ మూడూ కలిసి కనిపించే హాలీవుడ్ కామెడీని డిస్క్‌గా గానీ, డిజిటల్‌గా గానీ కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. బూతు కామెడీలో బూతు ఉంటుందని చెప్పడానికి పోస్టు అక్కర్లేదు. కానీ బూతు తప్ప ఇంకేమీ లేని సరుకు కూడా అచ్చం ఇదే అట్టలో వస్తుంది. డబ్బు కట్టకముందే దాన్ని ఎలా పసిగట్టాలో చెప్పుకుందాం.

ముతక హాస్యం మీద ఇక్కడ చిన్నచూపేమీ లేదు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు నవ్వును ఆరు రకాలుగా విడగొట్టాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. భుజాలు, తల ఊగిపోతూ కళ్లలో నీళ్లు తిరిగేది అపహసితం, చేతులతో పక్కలు పట్టుకుని నవ్వేది అతిహసితం. ఈ రెండిటినీ అధమ పాత్రలకు ఇచ్చాడు గానీ లెక్కలోంచి తీసెయ్యలేదు. వికృతమైన వేషం, పొంతన లేని వాగుడు కూడా నవ్వుకు కారణాలేనని ఒప్పుకున్నాడు. అంటే మోటుదనం హాస్యానికి ముడిసరుకే. వండకుండా వడ్డిస్తేనే చిక్కు.

ఈ తరహా సినిమాలన్నిట్లో దాదాపు తప్పని సీను ఒకటుంది. కాబోయే అత్తమామల ఇంట్లో భోజనాల బల్ల, హీరోకి కడుపు పాడైంది. పని తెలిసిన రచయిత అయితే అంతకు పది నిమిషాల ముందే మూడు సంగతులు మన చెవిన వేసి వదిలేస్తాడు: బాత్రూమ్ తలుపు గడియ సరిగ్గా పడదు, గోడలు పల్చన, తనకు జన్మలో అజీర్ణం చెయ్యలేదని హీరో గొప్పలు పోయాడు. ఇక సీను మొదలయ్యాక కెమెరా బల్ల దగ్గరే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో మనకు చూపించరు, వినిపిస్తారు. అత్తగారు చెంచా కింద పెట్టి, వినబడనట్టు వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది. మనం నవ్వేది శబ్దాన్ని కాదు, ఆవిడ పడే పాట్లను, హీరో అబద్ధం బట్టబయలైన తీరును.

అదే చవకబారు సినిమాలో ఈ సీను ఎలా ఉంటుందో చూడండి. ముందస్తు సంగతులేవీ ఉండవు. శబ్దం. అయిదుగురి మొహాల మీద అయిదు క్లోజప్‌లు. ఇంకా పెద్ద శబ్దం. మళ్లీ అవే అయిదు మొహాలు. ఆ తర్వాత తెర మీదే అంతా కక్కించి, పులిమి చూపిస్తారు. నిమిషంన్నర గడుస్తుంది. అసలు దెబ్బ దీని వెనకే ఉంది: తర్వాతి సీనులో ఈ గొడవ ఎవరికీ గుర్తుండదు. అత్తగారి తీరు మారదు, పెళ్లికి అడ్డు రాదు, హీరో మాట పోదు. జోకు వల్ల కథలో ఎవరికీ ఏమీ కాకపోతే దాని బరువంతా ఆ శబ్దం మీదే పడుతుంది. మొదటిసారి ఉలిక్కిపడి నవ్వుతాం, రెండోసారికి ఆ ఉలికిపాటు ఉండదు. అందుకే ఇలాంటి సినిమా ప్రతి పావుగంటకూ ముందుకంటే పెద్ద అసహ్యాన్ని తీసుకురావాల్సి వస్తుంది. గంట దాటేసరికి పైకి వెళ్లడానికి మెట్లు అయిపోతాయి.

ఇంట్లో చూస్తే ఇంకో ఇబ్బంది. థియేటర్‌లో జనం నవ్వుతుంటే తర్వాతి డైలాగ్ మునిగిపోకుండా ఎడిటర్లు జోకు వెనక కాస్త ఖాళీ వదులుతారు. ఎక్కడెంత వదలాలో విడుదలకు ముందు వేసే ప్రయోగాత్మక ప్రదర్శనల్లో ప్రేక్షకుల నవ్వులు విని సరిచూసుకుంటారు. హాలు నిండా జనం ఉంటే ఆ ఖాళీ తెలియదు. సోఫాలో ఒక్కరే కూర్చుంటే నటుడు బూతు మాట అనేసి మన మొహంలోకి చూస్తూ నిలబడ్డట్టు ఉంటుంది. థియేటర్‌లో బాగుందన్నారు కదా అని కొనేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

సాగదీతకు కారణం మరొకటి. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల చుట్ట సుమారు 11 నిమిషాల్లో అయిపోయేది, కాబట్టి నటుల్ని ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోమని వదిలేస్తే ఖర్చు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ భయం పోయింది. ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టి, ఒకే సందర్భానికి పాతిక రకాల తిట్లు అప్పటికప్పుడు చెప్పిస్తారు. అందులో రెండు బాగుంటాయి. ఆ రెండే ఉంచి మిగతావి పారేసే గుండెధైర్యం ఎడిటర్‌కు ఉండాలి. పోలికల మీద పోలికలు, ‘నువ్వు ఫలానాలా ఉన్నావు’, ‘నువ్వు ఇంకో ఫలానాలా ఉన్నావు’ అంటూ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండు నిమిషాలు తిట్టుకుంటుంటే, పారేయాల్సినవి పారేయలేదని లెక్క. రన్‌టైమ్ కూడా గుట్టు విప్పుతుంది. ఈ రకం కామెడీకి గంటన్నర, గంటా నలభై నిమిషాలు చాలు. రెండు గంటలు దాటిందంటే అనుమానించాల్సిందే.

ఇప్పుడు ట్రైలర్. అమెరికాలో ట్రైలర్లకు ముందు రంగు కార్డు పడుతుంది. ఆకుపచ్చది అందరి ముందూ వేసుకోదగ్గది, ఎర్రది పెద్దలకు. ఆకుపచ్చ ట్రైలర్ చూస్తే ఎంత బూతు సినిమా అయినా ఇంటిల్లిపాదీ చూసే సరదా సినిమాలా కనిపిస్తుంది, ఎందుకంటే పచ్చిగా ఉన్నవన్నీ తీసేసి జోకుల్ని ముక్కలుగా అతికిస్తారు. కాబట్టి రెండూ చూడండి. ఎర్ర ట్రైలర్‌లో కొత్తగా చేరినవి తిట్లూ, బట్టలు ఊడటాలే అయితే సినిమాలోనూ మిగిలింది అంతే. ఇంకో చిట్కా: డైలాగ్ అన్నవాడూ, విని తెల్లబోయినవాడూ ఒకే ఫ్రేములో ఉన్నారా చూడండి. వేరువేరు షాట్లయితే వెనక గోడ, వెలుతురు, చొక్కా పోల్చండి. కలవకపోతే ఆ స్పందన వేరే సీను నుంచి తెచ్చి అతికించినదే. అలా నాలుగైదు కనిపిస్తే మొత్తం సినిమాలో ఉన్న మంచి జోకులన్నీ ఆ రెండున్నర నిమిషాల్లోనే చూసేసినట్టు.

రేటింగ్ దగ్గర చాలామంది అక్షరం చూసి ఆగిపోతారు. అక్షరం కంటే, ఆ రేటింగ్ ఎందుకిచ్చారో చెప్పే పక్క వాక్యమే ఉపయోగం. అమెరికా రేటింగ్ పద్ధతి 1968లో మొదలైంది. అందులో ‘పీజీ’ అంటే పిల్లలకు చూపించే ముందు తల్లిదండ్రులు ఓసారి ఆలోచించుకోమని; పదమూడేళ్లలోపు వాళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అనే పీజీ-13 మెట్టు 1984లో వచ్చింది. ‘ఆర్’ అంటే 17 ఏళ్లు నిండనివాళ్లు తల్లిదండ్రులో పెద్దవాళ్లో వెంట ఉంటేనే చూడాలి. పీజీ-13లో ఎఫ్‌తో మొదలయ్యే ఆ తిట్టును మామూలుగా ఒక్కసారికే, అదీ శృంగారార్థం లేకుండా వాడితేనే ఒప్పుకుంటారు. ఇక పక్క వాక్యం. ‘సమ్’, ‘బ్రీఫ్’ అని ఉంటే అక్కడక్కడా అని. ‘పర్వేసివ్’, ‘త్రూఅవుట్’ అని ఉంటే మొదటినుంచి చివరిదాకా అని. ‘క్రూడ్ అండ్ సెక్సువల్ కంటెంట్ త్రూఅవుట్’ అని రాసి ఉన్న సినిమా కొని, ఇంత బూతా అని గగ్గోలు పెడితే తప్పు మనదే. అలాగే ‘రూడ్ హ్యూమర్’ అని పీజీ సినిమా మీద ఉంటే అది సాధారణంగా పిల్లల సినిమా తుమ్ములూ, తేన్పులూ, భయపడక్కర్లేదు.

మన సెన్సార్ బోర్డు 2024 నిబంధనలతో యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టింది. ఓటీటీలో కనిపించే యూ/ఏ 16+ మాత్రం బోర్డు ఇచ్చిందే కానక్కర్లేదు; 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ వేదికలు తమకు తామే వేసుకునే ముద్ర కావచ్చు. ఒకే సినిమాకు థియేటర్‌లో ఒక ముద్ర, ఓటీటీలో ఇంకో ముద్ర కనిపిస్తే కంగారుపడకండి, కాపీ కూడా వేరే అయ్యుండొచ్చు.

‘అన్‌రేటెడ్’ అన్న మాట దగ్గరే జేబుకు అసలు చిల్లు. ఆ మాటకు అర్థం, ఆ కాపీని అమెరికా రేటింగ్ సంఘానికి చూపించలేదని మాత్రమే. ఎక్కువ బూతు ఉందని హామీ కాదు, ఎక్కువ నవ్వుందని అసలే కాదు. థియేటర్ కాపీ పీజీ-13 అయితే అన్‌రేటెడ్‌లో చేరేవి ఎక్కువగా ఆర్ సినిమాలో మామూలుగా ఉండే తిట్లే. థియేటర్ కాపీ ఆర్ అయితే, వేగం చెడగొడుతున్నాయని ఎడిటర్ తీసేసిన సీన్లను తిరిగి కుట్టేస్తారు. బాగా కట్ చేసిన సీను మధ్యలోకి నలభై సెకన్ల వెకిలితనం వచ్చి పడుతుంది, దానితో పంచ్ కాస్తా చప్పబడుతుంది. రెండు కాపీలూ ఉన్న డిస్క్ అయితే ముందు థియేటర్ కాపీయే చూడండి.

ఎంత చేర్చారో కొనకముందే తేల్చుకునే దారి ఒకటుంది, చాలామంది వాడరు. బ్రిటన్‌లో 1984 నాటి వీడియో చట్టం వల్ల డిస్క్ మీద వచ్చే సినిమాకు అక్కడి సెన్సార్ బోర్డు లాంటి బీబీఎఫ్‌సీ ముద్ర తప్పనిసరి. కాబట్టి అమెరికాలో ‘అన్‌రేటెడ్’ అని అమ్మిన కాపీ అక్కడ విడుదలైతే 15 అనో 18 అనో ముద్ర పడాల్సిందే. బీబీఎఫ్‌సీ సైట్‌లో సినిమా పేరు కొడితే కాపీల నిడివి నిమిషాలు, సెకన్లతో సహా దొరుకుతుంది, ఏ రకం బూతు ఎంతుందో వివరణ కూడా ఉంటుంది. థియేటర్ కాపీకీ, పెంచిన కాపీకీ తేడా రెండు నిమిషాల లోపే అయి, ముద్ర కూడా మారకపోతే ఆ ఎర్ర పట్టీ కోసం అదనంగా ఇచ్చేదంతా దండగ. పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త: సెకనుకు 24 ఫ్రేముల సినిమాను ఐరోపాలో ‘పాల్’ (PAL) అనే టీవీ పద్ధతికి తయారుచేసిన డీవీడీలో 25తో నడుపుతారు, కాబట్టి వంద నిమిషాల సినిమా 96 నిమిషాలే చూపిస్తుంది. కట్ చేశారని పొరబడకుండా డీవీడీని డీవీడీతోనే పోల్చండి. డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే రీజియన్ కూడా చూసుకోండి; అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. బ్లూరే అయితే అక్కడ ఏ, ఇక్కడ సీ.

తెలుగు డబ్బింగ్ కాపీ కొనేవాళ్లకు విడిగా చెప్పాలి. ఇంగ్లిష్ బూతు జోకుల్లో సగం శ్లేష మీద నడుస్తాయి, శ్లేష భాష దాటదు. డబ్బింగ్ రచయితకు అర్థం కంటే ముందు పెదాలు కలవాలి: తెర మీద పెదాలు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. జోకు దాటక, పెదాలు మాత్రం కలపాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీలో ఓ లోకల్ తిట్టో, డబుల్ మీనింగో వచ్చి కూర్చుంటుంది. అలా మూలంలో తెలివిగా ఉన్న సీను కూడా తెలుగులో వట్టి బూతుగా మిగులుతుంది. ఇంగ్లిష్ ఆడియో, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి.

విమర్శల శాతాల్ని మార్కులు అనుకోవద్దు. రాటెన్ టొమాటోస్‌లో 62 శాతం అంటే వందలో 62 మంది విమర్శకులు ‘పర్లేదు’ నుంచి పైకి చెప్పారని, సినిమాకు 62 మార్కులని కాదు. ఐఎమ్‌డీబీలో పేరెంట్స్ గైడ్ అన్న విభాగం పిల్లల కోసమే అనుకుని వదిలేస్తారు. ఏ సీనులో ఏముందో విడివిడిగా రాసి ఉండేది అక్కడే. కాకపోతే కథ కూడా బయటపడిపోతుంది.

ఇంకో లక్షణం, ఇది కొన్నాక గానీ తెలియదు: ఆఖరి ఇరవై నిమిషాలు. డెబ్భై నిమిషాలు లావుగా ఉన్నవాళ్లనీ, నత్తివాళ్లనీ, ఆడవాళ్లనీ ఏడిపించి, హఠాత్తుగా పియానో మొదలై, మనిషిని రూపం చూసి అంచనా వేయకూడదని హీరో ఉపన్యాసం. శ్రీరంగనీతులంటే ఇవే. నవ్వుల సినిమా అన్న పేరుకు ఇది చేసే ద్రోహం బూతు చేసేదానికంటే పెద్దది.

అయినా చూడాలనిపిస్తే కొనకండి, అద్దెకు తీసుకోండి. ఎక్కువ సర్వీసుల్లో అద్దె తీసుకున్నాక మొదలుపెట్టడానికి 30 రోజులు, ప్లే నొక్కాక ముగించడానికి 48 గంటలు ఇస్తారు. ప్లే నొక్కితే డబ్బు తిరిగి రావడం కష్టం, సీలు తీసిన డిస్క్‌కూ చాలాచోట్ల అదే గతి. మొదటి పన్నెండు నిమిషాలు చూసి ఆపండి. హీరోకి ఏం కావాలో, దానికి అడ్డెవరో, పక్క పాత్రల్లో ఒక్కరి పేరైనా చెప్పగలిగితే మిగతాది చూడండి. ఎవరి ప్యాంటు ఎప్పుడు జారిందో మాత్రమే గుర్తుంటే అక్కడితో కట్టేయండి. ముందుకెళ్లినా జారేది ప్యాంటే.