జాతీయ యుద్ధ స్మారకం, న్యూఢిల్లీ: పేరుపేరునా గౌరవం

ఢిల్లీ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఇండియా గేట్ దగ్గర ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. ఆ పక్కనే, సుమారు 40 ఎకరాల్లో ఉన్న జాతీయ యుద్ధ స్మారకానికి కనీసం రెండు గంటలు కేటాయించమని నా మనవి. ఇండియా గేట్ బ్రిటిష్ పాలనలో పోరాడి మరణించిన సైనికుల స్మృతి చిహ్నం కాగా, స్వతంత్ర భారతం కోసం ప్రాణాలిచ్చినవారి పేర్లన్నీ ఒకచోట చేరడానికి 2019 ఫిబ్రవరి 25 దాకా ఆగవలసి వచ్చింది. ఇంత ఆలస్యం న్యాయం కాదు.

చక్రవ్యూహాన్ని తలపించే నాలుగు వలయాల నడుమ 15.5 మీటర్ల స్తంభం, దాని పాదాన అఖండ జ్యోతి ఉన్నాయి. అయితే నన్ను ఎక్కువసేపు నిలిపింది ఆ వలయాల్లో ఒకటైన త్యాగ చక్రమే. అక్కడి గోడల్లో ఒక్కో గ్రానైటు పలక ఒక్కో సైనికుడిది. దానిపై బంగారు రంగు అక్షరాల్లో పేరు, హోదా, దళం చెక్కి ఉంటాయి. సిపాయి పలకకూ కల్నల్ పలకకూ పరిమాణంలో తేడా లేకపోవడం ఈ నిర్మాణంలోని అత్యుత్తమ నిర్ణయమని నా అభిప్రాయం. పాతికవేలకు పైగా ఉన్న ఆ పేర్లలో, 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరూ ఉంది. కావలసిన పేరు ఏ గోడపై ఉందో అక్కడి డిజిటల్ తెరల మీద వెతుక్కోవచ్చు.

మరో వలయమైన వీరతా చక్రంలోని ఆరు కంచు కుడ్యశిల్పాలు రెజాంగ్ లా (1962, చైనాతో), లోంగేవాలా (1971, పాకిస్థాన్‌తో) వంటి పోరాటాలను చూపుతాయి. 1971లో కరాచీ రేవుపై మన నౌకాదళం జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్ కూడా వాటిలో ఉంది. ఆ దాడికి గుర్తుగానే డిసెంబరు 4న నేవీ డే జరుపుతారు కనుక, సాగరతీరంలో నేవీ డే విన్యాసాలు చూసిన విశాఖవాసులు ఆ శిల్పం ముందు తప్పక ఆగాలి. ఆ యుద్ధాల గురించి కాస్త చదువుకుని వెళితే శిల్పాల్లోని ప్రతి ముఖకవళికా అర్థమవుతుంది.

లోపమని చెప్పవలసింది నీడ గురించే. చెట్లన్నీ వెలుపలి రక్షక చక్రంలో ఉండటం వల్ల, పేర్ల గోడల మధ్య నిలిచి చదివేవారికి, ముఖ్యంగా వృద్ధులకు, వేసవి మధ్యాహ్నం కష్టమే. సాయంత్రం వెళ్ళడం మేలు. సూర్యాస్తమయానికి ముందు జరిగే రిట్రీట్ కార్యక్రమంలో అమరుల కుటుంబ సభ్యులు పుష్పగుచ్ఛం ఉంచడం కూడా చూడవచ్చు. ప్రవేశం ఉచితం. పిల్లలతో వెళ్ళేవారు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల విగ్రహాలున్న పరమ యోధ స్థల్‌ను ముందుగా చూసి, ఆ తర్వాత గోడల వద్దకు వెళితే వారికి తేలికగా బోధపడుతుంది.