నల్లగొండలో లేత రంగుల ఇల్లు: ఒక ఇంటీరియర్ సంస్థ పనితీరుపై సమీక్ష

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు కొత్తగా కట్టుకున్న మా రెండు పడకగదుల ఇంటికి లోపలి అలంకరణ పనిని పట్టణంలోనే ఉన్న ఒక ఇంటీరియర్ సంస్థకు అప్పగించాము. గోడలు తెలుపు, ఇసుక, బూడిద, గంధం వంటి నెమ్మదైన రంగుల్లో ఉండాలని, చేతికి తగిలే వస్తువులు వీలైనంత వరకు రాయి, కర్ర, నూలు, ఉన్ని, వెదురు వంటివే కావాలని, మెరిసే ఫాల్స్ సీలింగులు, రంగు లైట్లు, త్రీడీ వాల్‌పేపర్లు అక్కర్లేదని ముందే చెప్పాము. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ ఇంట్లో గడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. రంగుల ఎంపికలో వారికి వంక పెట్టడానికి ఏమీ లేదు. వస్తువుల ఎంపికలో మాత్రం కేటలాగును నమ్మినంతగా మన చుట్టుపక్కల ఊళ్లను నమ్మలేదు.

షేడ్ కార్డు చూపించి వెంటనే సంతకం పెట్టించుకోకపోవడం వారు చేసిన మొదటి మంచి పని. పడమటి ముఖంగా ఉన్న హాల్లో రెండు ఎదురెదురు గోడల మీద కొన్ని తెలుపులను రెండడుగుల చదరాలుగా వేసి, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడమని చెప్పి వెళ్లారు. కార్డు మీద అన్నీ ఒకేలా కనిపించిన ఆ తెలుపుల్లో ఒకటి సాయంత్రానికి గులాబీ ఛాయలోకి దిగింది, మరొకటి ట్యూబ్‌లైటు కింద పాలిపోయి ఆసుపత్రి గోడలా తేలింది. డిజైనరు చెప్పిన కారణం సబబుగా ఉంది. మా ఇంటి ముందు ఇంకా ఇళ్లు లేవు, ఎర్ర చెల్క నేల ఖాళీగా ఉంది. దాని మీద పడిన ఎండ కిటికీల్లోంచి లోపలికి వచ్చేటప్పుడు ఆ ఎరుపును కొంత మోసుకొస్తుంది కాబట్టి, పసుపో ఎరుపో కలిసిన తెలుపును అక్కడ వేస్తే అది మరింత ముదురుగా కనిపిస్తుంది. అందుకే హాలుకు బూడిద ఛాయ ఉన్న తెలుపును, ఎండ నేరుగా పడని ఉత్తరపు గదికి గంధం ఛాయ ఉన్న తెలుపును ఎంచారు. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండలున్న మన ప్రాంతంలో స్వచ్ఛమైన తెలుపు గోడ మధ్యాహ్నం కళ్లు చెదరగొడుతుంది. దాన్ని పైకప్పుకే పరిమితం చేయడం కూడా తెలివైన పనే.

బల్బుల విషయంలోనూ పట్టుబట్టారు. మన ఇళ్లలో అలవాటుగా పెట్టే 6500 కెల్విన్ల తెల్లటి ఎల్‌ఈడీలు ఇసుక రంగును నిర్జీవం చేస్తాయని చెప్పి, హాల్లో, పడకగదుల్లో పసుపు ఛాయ వెలుగునిచ్చే 3000 కెల్విన్లవి, వంటింట్లో ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే 4000 కెల్విన్లవి పెట్టించారు. ఈ ఒక్క మార్పుకు అయిన ఖర్చు చాలా తక్కువ. కొత్తగా ఏమీ చేయించని వారు కూడా బల్బులు మార్చి చూస్తే తేడా ఆ రాత్రికే తెలుస్తుంది.

రంగులు పూర్తయిన నాడు మా అత్తమ్మ ఇల్లంతా తిరిగి చూసి, "సున్నం కొట్టి ఇడిసిపెట్టినట్టున్నది, ఇంకా రంగులెయ్యరా బిడ్డా?" అని అడిగారు. అది తీసిపారేయవలసిన మాట కాదు. లేత రంగుల గదికి ఎక్కడో ఒకచోట ముదురు ఊనిక లేకపోతే అది నిజంగానే పని సగంలో ఆగిన ఇల్లులా కనిపిస్తుంది. డిజైనరు టేకు దర్వాజాలకు ముదురు పాలిష్ చేయించి, కిటికీ చువ్వలకు నల్ల రంగు వేయించడంతో ఆ లోటు తీరింది. ఆపైన గడప సంగతి ఎవరూ చెప్పకుండానే కుదిరింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, ఇసుక రంగు గోడల మధ్య కనిపించినంత నిండుగా మా పాత ఇంటి ఆకుపచ్చ గోడల మధ్య ఎన్నడూ కనిపించలేదు. బతుకమ్మ నాడు హాల్లో పేర్చిన తంగేడు, గునుగు పూలదీ అదే తీరు. ఇప్పుడు అత్తమ్మకు ఇంటి రంగుతో పేచీ లేదు, సోఫా ఎత్తుతో మాత్రమే ఉంది.

ఇక నేల. సంస్థ ప్రతిపాదించినవి కర్రలా కనిపించే విట్రిఫైడ్ టైల్స్. తాండూరు బండలు కావాలంటే, "పాతకాలపు ఇళ్లలా ఉంటుంది మేడమ్, మళ్లీ ఆలోచించండి" అన్నారు. వికారాబాద్ జిల్లా తాండూరు గనుల నుంచి వచ్చే ఈ సున్నపురాయి లేత పసుపులోనూ, నీలం కలిసిన బూడిద రంగులోనూ దొరుకుతుంది. గ్రానైటు కన్నా చవక. మేము బూడిద రంగు బండనే తీసుకుని, అద్దంలా మెరిసే దాకా కాకుండా మెత్తగా, మెరుపు లేకుండా ఉండే వరకే మిషన్ పాలిష్ చేయించాము. ఒక బండకూ మరో బండకూ రంగు సరిగ్గా కలవదు. పక్కపక్కన పరిచినప్పుడు ఆ తేడాయే నేలకు నిండుదనం ఇస్తుంది. అచ్చువేసిన టైల్స్‌లో ప్రతి కొన్నింటికీ ఒకసారి అదే చార, అదే ముడి తిరిగి రావడం ఒకసారి కంట్లో పడితే ఇక దాన్ని చూడకుండా ఉండలేము. మా మేస్త్రీ బండలన్నింటినీ ముందు పొడిగా పరిచి, ముదురువీ లేతవీ ఒకేచోట గుంపు కాకుండా సర్ది, ఆ తరువాతే సిమెంటు పెట్టాడు. ఇది సంస్థ చెప్పి చేయించింది కాదు, అతని పనితనం.

అయితే ఈ రాయి స్వభావాన్ని సంస్థ మాకు ముందుగా చెప్పి ఉండవలసింది. సున్నపురాయికి పులుపు పడదు. భోజనాల బల్ల కింద పడిన పచ్చిపులుసు చుక్కను రాత్రంతా తుడవకుండా వదిలితే తెల్లారేసరికి రూపాయి బిళ్లంత మేర పాలిష్ పోయి, వేలితో తడిమితే గరుకుగా తగిలింది. అది మరక కాదు కాబట్టి ఎంత కడిగినా పోదు. పులుపులోని ఆమ్లం రాతి పైపొరను తినేసింది. నిమ్మరసం, వెనిగరు, బాత్‌రూముల్లో వాడే యాసిడ్ కూడా ఇదే పని చేస్తాయి. రాతికి పట్టే సీలర్ వేయిస్తే నూనె, టీ మరకలు లోపలికి ఇంకవు కానీ, ఆమ్లం నుంచి అది పూర్తి రక్షణ ఇవ్వదు. పనిమనిషికి యాసిడ్ సీసా ఇవ్వకుండా మామూలు సబ్బునీళ్లతో తుడిపిస్తే చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట తుడిచాక మిగిలే తెల్లటి పొర నల్లరాయి మీద కనిపించినంతగా ఈ బూడిద రంగు మీద కనిపించకపోవడం ఒక లాభం.

నా పెద్ద ఫిర్యాదు బట్టల మీద. "హ్యాండ్‌లూమ్ ఇక్కత్ కుషన్లు, కాటన్ కర్టెన్లు" అని కొటేషన్‌లో రాసి సంస్థ పంపిన కుషన్ గలీబులను తిరగేసి చూస్తే లోపలి వైపు దాదాపు తెల్లగా ఉంది. ఇక్కత్‌లో నూలును నమూనా ప్రకారం ముందే అక్కడక్కడ దారంతో కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేస్తారు కాబట్టి నమూనా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. రంగు ఒక గడి నుంచి ఇంకో గడిలోకి కొద్దిగా ఒరిగి, గీత అంచు మసకబారుతుంది. గీత కత్తితో కోసినట్టు నిటారుగా ఉండి, వెనక వైపు వెలిసిపోయినట్టు కనిపిస్తే అది అచ్చువేసిన బట్ట. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లు నిన్నమొన్నటి దాకా మన జిల్లాలోనివే. 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్లాయి. కొయ్యలగూడెం నూలు ఇక్కత్ దుప్పట్లు తెలియని ఇల్లు నల్లగొండలో అరుదు. గంటన్నర దారిలో అసలు బట్ట దొరికే చోట అచ్చు బట్టను చేనేత పేరుతో అమ్మడాన్ని నేను చిన్న పొరపాటుగా తీసుకోలేను. అడిగితే సంస్థవారు వాదించకుండా ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించారు, అది ఒప్పుకోవాలి.

తరువాత ఆ డబ్బుతో మేమే కోరా నూలు కర్టెన్లు, నలుపు బూడిద గళ్ల ఇక్కత్ గలీబులు తెచ్చుకున్నాము. కోరా గుడ్డను కుట్టించే ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరవేయడం తప్పనిసరి, లేకపోతే మొదటి ఉతుకుకే కర్టెన్ కిటికీ గట్టు దాకా కుంచించుకుపోతుంది. హాలు గోడకు పుట్టపాక తేలియా రుమాలు ఒకటి కర్ర చట్రంలో బిగించి పెట్టాము. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల తొక్కల బూడిదలోనూ నానబెట్టి చేసే ఈ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు మూడు రంగులే వాడటం వల్ల లేత గోడ మీద అది ఇంకే బొమ్మా అక్కర్లేకుండా నిలుస్తుంది. అద్దం వేయించవద్దని దుకాణదారు చెప్పిన సలహా మంచిదే, గుడ్డలోని గరుకుదనం అద్దం వెనక చచ్చిపోతుంది.

సోఫా మీద వేయడానికి సంస్థ చూపిన దిగుమతి అక్రిలిక్ దుప్పటికి బదులు మహబూబ్‌నగర్ వైపు కురుమలు నేసిన గొంగడిని పరిచాము. దక్కనీ గొర్రె ఉన్నికి రంగు వేయనవసరం లేదు. నలుపు, ముదురు గోధుమ ఛాయలు గొర్రెవే. చింతగింజల గంజి పట్టించడం వల్ల కొత్తలో బిరుసుగా ఉంటుంది, చేతులకు గుచ్చుకుంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. తడిస్తే గొర్రెల మంద వాసన వస్తుందని ముందే చెప్పడం న్యాయం. పడమటి కిటికీకి వేసవిలో వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుతున్నాము. దాని మట్టిరంగు గదిలో దేనితోనూ తగవు పడదు.

టీవీ వెనక గోడకు సంస్థవారు వేసిన టెక్స్‌చర్ మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. మట్టిపూతలా కనిపించాలని అడ్డంగా గీతలు లాగారు. రోడ్డు దుమ్ము ఒక్కో గీత గట్టు మీద చేరి, పైనుంచి చూస్తే నూగులా కనిపిస్తోంది, తడిగుడ్డతో తుడిస్తే గీతల్లో బురదగా మారుతోంది. వంటింటి అలమరలకు వేసిన ఓక్ రంగు లామినేట్ అంచులు సింకు దగ్గర అప్పుడే లేచాయి. బాగుచేస్తామని వచ్చి జిగురు పూసి వెళ్లారు, అది మళ్లీ లేచింది.

పనివాళ్ల మర్యాద, శుభ్రత బాగున్నాయి. గడువు దాటింది కానీ ప్రతి ఆలస్యానికీ ముందే ఫోన్ చేసి చెప్పారు. కొటేషన్‌లో "సహజ ఫినిష్", "ప్రీమియం కాటన్" వంటి మాటలు రాసే అలవాటుంది. వాటి పక్కన అసలు వస్తువు పేరు, అది ఎక్కడిది అన్నది రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి, చివరి విడత డబ్బును బట్టలు తిరగేసి చూశాకే చెల్లించాలి. ఐదుకు మూడు ఇస్తాను, అందులో రెండు గోడల రంగులకే. మేడ మీద వేయబోయే గదికి రంగులు, లైట్లు వారికే చెబుతున్నాము. నేల, బట్టలు, అలమరల పని ఆ ఒప్పందంలో ఉండదు.