'ట్యాప్స్' చూపించాలా, 'లార్డ్స్ ఆఫ్ డిసిప్లిన్' చూపించాలా? పాత మిలిటరీ స్కూల్ సినిమాల్లో ఏది మేలు?

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతూ ఎన్‌డీఏ పరీక్షకి తయారవుతున్నాడు. సెలవులకి మా ఇంటికొచ్చాడు. తెల్లారి ఐదింటికే లేచి పరుగుకి వెళ్తాడు, బూట్లు వాకిట్లో వరసగా పెడతాడు, పక్కబట్టలు మడత పెట్టాకే కాఫీ ముట్టుకుంటాడు. ఒకరోజు "మామయ్యా, మిలిటరీ స్కూల్ మీద మంచి సినిమా ఒకటి చెప్పు, రాత్రికి చూద్దాం" అన్నాడు. నా నోటికి వెంటనే వచ్చిన పేరు 'ట్యాప్స్'.

పేరైతే చెప్పాను గానీ, ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను. ఎప్పుడో కాలేజీ రోజుల్లో, కేబుల్ టీవీలో అర్ధరాత్రి దాకా మేలుకుని చూసిన సినిమా అది. అప్పుడు నేను చూసింది టామ్ క్రూజ్ కోసం. పదహారేళ్ల పిల్లాడికి, అదీ యూనిఫాం మీద ఇంత ప్రేమ ఉన్నవాడికి చూపించే ముందు, మళ్లీ ఒకసారి నేను చూడాలనిపించింది. దానితోపాటు ఇదే కోవలోవి 'ద లార్డ్స్ ఆఫ్ డిసిప్లిన్' (1983), 'ఇఫ్...' (1968) కూడా వరసగా మూడు రాత్రుల్లో చూశాను. మూడింటిలోనూ యూనిఫాం వేసుకున్న విద్యార్థులు పెద్దవాళ్లకి ఎదురు తిరుగుతారు. ఎవరి మీద తిరుగుతారు, ఎందుకు తిరుగుతారు అన్న దగ్గరే మూడూ మూడు దారుల్లో వెళ్తాయి. కథలు చివరిదాకా చెప్పకుండా ఈ పోలిక కుదరదు, కాబట్టి చెప్తున్నాను.

ముందు 'ట్యాప్స్'. హెరాల్డ్ బెకర్ దర్శకుడు. బంకర్ హిల్ అని ఒక మిలిటరీ అకాడమీ. అది కల్పిత పేరు, తీసింది మాత్రం పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ మిలిటరీ అకాడమీలో. స్కూలు పెద్ద జనరల్ బేష్, రిటైరైన సైనికుడు. ఆ పాత్ర జార్జ్ సి. స్కాట్ వేశాడు. ఏడాది చివరి కవాతు రోజున ఆయన పిల్లలకి ఒక కబురు చెప్తాడు. ట్రస్టీలు స్కూలు మూసేస్తున్నారు, స్థలం అమ్మి ఫ్లాట్లు కట్టిస్తారు, ఇంకొక్క ఏడాదే గడువు. ఇది ఎక్కడో అమెరికా కథలా అనిపించదు మనకి. ఆటస్థలం ఉన్న పాత బడి కనిపిస్తే గజం ఎంత పలుకుతుందో లెక్కేసే రోజులు మనవీనూ.

ఆ ఏడాది గడువు కూడా దక్కదు. డాన్సు జరుగుతున్న రాత్రి ఊరి కుర్రాళ్లు గేటు దగ్గర గొడవకి దిగుతారు. తోపులాటలో జనరల్ పిస్తోలు పేలి ఒక కుర్రాడు చనిపోతాడు. జనరల్‌ని అరెస్టు చేస్తారు, ఆయనకి గుండెపోటు వస్తుంది. స్కూలు వెంటనే మూసేయమంటారు, ఆయుధాలు తీసుకెళ్లడానికి మనుషులు వస్తారు. అప్పటికే విద్యార్థుల నాయకుడైన క్యాడెట్ మేజర్ బ్రయన్ మోర్లాండ్, అతని తోటివాళ్లు ఆయుధాగారాన్ని చేతిలోకి తీసుకుని గేట్లు మూసేస్తారు. బయట పోలీసులు, తర్వాత నేషనల్ గార్డ్ (అమెరికాలో రాష్ట్రాల రిజర్వు సైన్యం) ట్యాంకులు. లోపల పన్నెండేళ్ల పిల్లల చేతుల్లో నిజం తుపాకులు.

ఈ సినిమాని మిగతా రెండింటి నుంచి వేరుచేసే సంగతి ఇక్కడే ఉంది. ఈ పిల్లలు స్కూలు మీద తిరగబడలేదు, స్కూలు కోసం తిరగబడ్డారు. నేర్పిన పాఠం కాదనలేదు, నేర్పినవాళ్లకంటే గట్టిగా నమ్మారు. రాజును మించిన రాజభక్తి అంటాం కదా, అది. కాపలా డ్యూటీలు వేసుకుంటారు, వరసల్లో నిలబడతారు, 'ఎస్ సర్' అంటారు. క్రమశిక్షణ తప్పిన పిల్లలు తిరగబడితే పెద్దవాళ్లు మందలించగలరు. ఇంత క్రమశిక్షణగా తిరగబడితే ఏం చెప్పి ఆపాలో బయట నిలబడ్డ ఒక్క పెద్దమనిషికీ తెలియదు. మోర్లాండ్ తండ్రి కూడా సైన్యంలో సార్జెంటే. ఆయన వచ్చి మాట్లాడినా తండ్రీకొడుకుల మధ్య మాట కలవదు.

కాలేజీ రోజుల్లో చూసినప్పుడు నాకు జనరల్ బేష్ దేవుడిలా కనిపించాడు. మోర్లాండ్‌ని గదికి పిలిచి, సమానుడిలా ఎదురుగా కూర్చోబెట్టుకుని గౌరవం గురించి మాట్లాడే సన్నివేశంలో నేనూ మోర్లాండ్ పక్కనే కూర్చున్నట్టు విన్నాను. ఈసారి అదే సన్నివేశం చూస్తుంటే గుండెల్లో రాయి పడింది. బయట ప్రపంచం చెడిపోయింది, గేటు లోపలే విలువలు మిగిలాయి అని ఒక పెద్దాయన పిల్లాడికి ప్రేమగా నూరిపోస్తున్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మనస్ఫూర్తిగా నమ్మే చెప్తున్నాడు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగుతుంది. స్కాట్ సినిమా మొదటి భాగం దాటాక ఇక కనిపించడు, అయినా చివరి తూటా దాకా ఆయన గొంతే నడిపిస్తున్నట్టుంటుంది.

దానికి జవాబులాంటివాడు రానీ కాక్స్ వేసిన కర్నల్ కెర్బీ. నేషనల్ గార్డ్ అధికారి. అరవడు, బెదిరించడు. గేటు దగ్గరికొచ్చి మోర్లాండ్‌తో మాట్లాడతాడు. చావులో అందమేమీ లేదని, సైనికుడైనా ప్రాణంతో ఇంటికెళ్లాలనే కోరుకుంటాడని అతను చెప్పే తీరులో ఒక అలసట ఉంటుంది. 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఈ సినిమా వచ్చింది దానికి పదకొండేళ్ల తర్వాత. అప్పటి అమెరికా ప్రేక్షకుడికి గేటు బయట గార్డ్ యూనిఫాంలు కనబడగానే ఏం గుర్తొచ్చి ఉంటుందో ఊహించొచ్చు.

ఇక నటులు. మోర్లాండ్‌గా వేసిన టిమోతీ హటన్ అప్పటికే ఆస్కార్ అందుకున్నవాడు. షాన్ పెన్‌కి ఇదే మొదటి సినిమా. టామ్ క్రూజ్‌కి రెండోది, విడుదలనాటికి పంతొమ్మిదేళ్లు. క్రూజ్ వేసిన డేవిడ్ షాన్ ఎర్ర టోపీ పెట్టుకుని, దవడ బిగించి, ఎప్పుడెప్పుడు కాలుద్దామా అని చూసే మనిషి. అప్పుడు నాకు హీరోలా కనిపించిన వాడిని ఇప్పుడు చూస్తే భయం వేసింది. పెన్ వేసిన డ్వయర్ నెమ్మదస్తుడు. స్నేహితుడి మీద ప్రేమతో లోపల ఉండిపోతాడు గానీ, మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉంటాడు. మళ్లీ చూసినప్పుడు నాకు బాగా దగ్గరైంది అతనే.

చార్లీ గురించి చెప్పకపోతే ఈ సినిమా గురించి చెప్పనట్టే. అందరిలోకీ చిన్నవాడు. తల మీద హెల్మెట్ ఒక సైజు పెద్దది పెట్టినట్టే కనిపిస్తాడు. రాత్రి కాపలాలో పొరపాటున ఒక తుపాకి పేలుతుంది, అటు నుంచి గార్డ్ కాల్పులు జరుపుతుంది, చార్లీ పోతాడు. అంతే. శత్రువు లేడు, యుద్ధం లేదు, దేశం కోసం కాదు. ఆ తర్వాత హటన్ ముఖం చూడండి. అంతవరకు నిటారుగా ఉన్న మెడ వంగుతుంది. లొంగిపోదామని మోర్లాండ్ నిర్ణయించుకున్నాక కూడా షాన్ కిటికీలో మెషిన్‌గన్ పెట్టి కాలుస్తూ 'ఎంత అందంగా ఉందో' అని అరుస్తాడు. ఆపబోయిన మోర్లాండ్ కూడా అతనితోపాటే పోతాడు. ట్యాప్స్ అంటే అమెరికా సైన్యంలో బ్యూగిల్ మీద వాయించే 24 స్వరాల చిన్న రాగం. 1862లో అంతర్యుద్ధ కాలంలో పుట్టింది. రాత్రి దీపాలార్పడానికీ అదే, సైనికుడి అంత్యక్రియలకీ అదే. పిల్లల హాస్టల్లో నిద్రపుచ్చే పాట, పెట్టె దింపేటప్పటి పాట ఒకటే కావడం ఈ కథకి ఇంతకన్నా బాగా కుదరదు.

లోపాలు లేవని కాదు. రెండు గంటల పైన నడుస్తుంది, ముట్టడి మధ్యలో కాస్త సాగినట్టుంటుంది. పిల్లలు ఇంత సులువుగా ఇన్ని ఆయుధాలు దక్కించుకోవడం నమ్మబుద్ధి కాదు. ఆడవాళ్ల పాత్రలు లేనట్టే.

'ద లార్డ్స్ ఆఫ్ డిసిప్లిన్' సంగతి వేరు. ఫ్రాంక్ రాడమ్ తీశాడు. పాట్ కాన్‌రాయ్ నవల ఆధారం. కాన్‌రాయ్ సౌత్ కరోలినాలోని సిటడెల్ మిలిటరీ కాలేజీలో 1967లో పట్టా పుచ్చుకున్నవాడు కాబట్టి, లోపలి సంగతులు తెలిసే రాశాడు. సినిమా తీయడానికి మాత్రం ఇంగ్లండ్‌లోని వెల్లింగ్టన్ కాలేజీకి వెళ్లాల్సి వచ్చింది. కథాకాలం 1964. కరోలినా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటిసారి ఒక నల్లజాతి విద్యార్థి పియర్స్ చేరతాడు. అతన్ని కనిపెట్టుకుని ఉండమని సీనియర్ విల్ మెక్‌లీన్‌కి ఒక కర్నల్ అప్పగిస్తాడు. 'ద టెన్' అనే రహస్య ముఠా పియర్స్‌ని చిత్రహింసలు పెట్టి వెళ్లగొట్టాలని చూస్తుంది. పియర్స్‌గా వేసిన మార్క్ బ్రీలాండ్ బాక్సర్, ఆ మరుసటి ఏడాదే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు.

ఇక్కడ తిరుగుబాటు తుపాకులతో కాదు, నోరు విప్పడంతో. పరువు కాపాడతామన్నవాళ్లే తెర వెనక దారుణాలు చేస్తుంటారు, కంచే చేను మేసినట్టు. కొత్తగా చేరినవాళ్ల మీద మొదటి రాత్రి జరిగే అరుపులు, తిట్లు, పరుగులు చూస్తుంటే మన హాస్టళ్లలో ర్యాగింగ్ చూసినవాళ్లకి పళ్లు బిగుస్తాయి. వేధింపులు తట్టుకోలేక ఒక కుర్రాడు ప్రాణం పోగొట్టుకుంటాడు కూడా. ర్యాగింగ్ విషయంలో 'ట్యాప్స్' కంటే ఈ సినిమాయే నిజాయితీగా ఉంది. బంకర్ హిల్‌లో అందరూ అన్నదమ్ముల్లా ఉంటారు. ఇన్ని వందల మంది మగపిల్లలు ఒకేచోట ఉన్న ఏ బడీ అలా ఉండదు.

అయినా రెండోసారి చూసేసరికి ఇది తేలిపోయింది. దుర్మార్గులెవరో, మంచివాళ్లెవరో త్వరగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత ముఠా గుట్టు విప్పే డిటెక్టివ్ కథలా నడుస్తుంది. మంచి కథే, టెన్షన్ పెడుతుంది. మనం విల్ పక్షాన నిలబడి చప్పట్లు కొడతాం, టీవీ కట్టేసి పడుకుంటాం. పియర్స్ లోపల ఏం జరుగుతోందో మాత్రం సినిమా పెద్దగా అడగదు. దెబ్బలు తిన్నది పియర్స్, కథంతా విల్‌ది. ఇది నాకు పెద్ద లోటుగా అనిపించింది.

మూడోది 'ఇఫ్...'. సినిమాగా చూస్తే మూడింటిలో గొప్పది ఇదే, అందులో నాకు సందేహం లేదు. లిండ్సే ఆండర్సన్ తను చదివిన చెల్టెన్‌హామ్ కాలేజీలోనే చాలావరకు తీశాడు. 1969లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. అది మిలిటరీ స్కూలు కాదు, క్యాడెట్ దళం ఉన్న ఇంగ్లిష్ బోర్డింగ్ స్కూలు. మాల్కం మెక్‌డోవెల్ వేసిన మిక్ బెత్తం దెబ్బలు తిని, చివరికి కప్పు మీదెక్కి పెద్దల సభ మీద తూటాలు కురిపిస్తాడు. కొంత రంగుల్లో, కొంత నలుపు తెలుపులో, ఏది జరిగిందో ఏది కలో తెలియనట్టు సాగుతుంది. బడి మీద కోపం మనసులో ఉన్నవాళ్లకి అది దాహం తీరుస్తుంది. కానీ ఈ రోజుల్లో అమెరికా బడుల్లో జరుగుతున్న కాల్పుల వార్తలు చదివాక ఆ ముగింపు చూడటం నాకు కష్టమైంది. ఒంటరిగా చూడాల్సిన సినిమా, పిల్లాడి పక్కన కూర్చుని కాదు.

ఏది మేలంటే, చూసేది ఎవరన్నదాన్ని బట్టి చెప్తాను. సినిమా కళ మీద మక్కువ ఉన్నవాళ్లు 'ఇఫ్...' చూడండి. హాస్టల్‌కి వెళ్లబోతున్న పిల్లల తల్లిదండ్రులు 'లార్డ్స్ ఆఫ్ డిసిప్లిన్' ముందుగా చూడండి. పిల్లాడు సెలవులకొచ్చి ఎందుకు మాట్లాడటం లేదో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. యూనిఫాం అంటే ప్రాణం పెట్టే పిల్లలకి మాత్రం నా మాట 'ట్యాప్స్'. మిగతా రెండూ చెడ్డ పెద్దల్ని చూపిస్తాయి. చెడ్డవాళ్లని ఎదిరించడం పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచివాడు, ప్రేమగల గురువు, నోరారా పొగిడిన మనిషి తప్పుదారి చూపిస్తే ఏం చేయాలో అడిగేది ఇదొక్కటే. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ 1962లో మొదలైంది మొదలు, మన ఊళ్ల నుంచి ఎందరో పిల్లలు ఈ దారిలో వెళ్తున్నారు, మావాడూ వెళ్తాడు. వాడు వెళ్లొద్దని కాదు నేనీ సినిమా ఎంచుకున్నది. కర్నల్ కెర్బీ లాంటి అధికారి కావాలంటే ముందు మోర్లాండ్‌ని చూసి ఉండాలి అనిపించింది.

నాలుగో రాత్రి ఇద్దరం కూర్చున్నాం. మొదటి గంటలో వాడు జనరల్ మాటలకి తల ఊపుతూనే ఉన్నాడు, నేను నోరెత్తలేదు. చార్లీ పడిపోయిన దగ్గర కాళ్లు సోఫా మీదికి ముడుచుకున్నాడు. చివర్లో అంతా అయిపోయాక సినిమా మళ్లీ మొదటి కవాతుని చూపిస్తుంది. జెండాలు, బ్యాండు, తెల్ల గ్లౌజులు, వరసలు వరసలుగా పిల్లలు.

"ఒక్క నిమిషం ఆపు మామయ్యా" అన్నాడు. ఆపాను. టీవీ దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, చివరి వరసల్లో పొట్టి పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు.

"చార్లీ ఎక్కడున్నాడు?"