ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్: ఫంగస్‌కి అని కొన్నా, ఒకటిన్నర స్టార్

మూడు నెలలు వాడాకే రాస్తున్నా, తొందరపడి తిట్టేశాడు అనుకోకండి. నాకు గజ్జల్లో తామర, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తది, క్రీము ఆపిన పది రోజులకే ఆ ఎర్ర రింగు అంచు మళ్ళీ తేలతది. ఓ రాత్రి రెండింటికి గోక్కుంటూ ఫోన్లో వెతుకుతుంటే ఈ ఎల్-ట్రిప్టోఫాన్ (ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) 500 మిల్లీగ్రాముల డబ్బా తగిలింది. కంపెనీ పేరెందుకులెండి. ముందువైపు డాలు బొమ్మ, కింద ‘ఫంగస్‌పై ఇమ్యూనిటీ పెంచును, పరిశోధనల్లో రుజువైనది’ అని. నేను చదివింది బయోకెమిస్ట్రీయే, అయినా ఆర్డర్ పెట్టేశా, దురద ముందు డిగ్రీ ఏం పనికొస్తది.

పచ్చి అబద్ధం అందామంటే అదీ కాదు, పరిశోధన ఉంది. ఇటలీలో పెరూజియా యూనివర్సిటీలో లుయిజినా రోమాని వాళ్ళ గ్రూపు 2013లో ఎలుకల్లో చూపించారు, పేగులో ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ట్రిప్టోఫాన్‌ని విరగ్గొట్టి ఇండోల్-3-ఆల్డిహైడ్ చేస్తది, అదెళ్ళి మన కణాల్లోని ఏహెచ్ఆర్ అనే రిసెప్టార్‌ని పట్టుకుంటది, దాంతో పేగు గోడలో ఒక రకం లింఫాయిడ్ (ఇమ్యూన్) కణాలు ఐఎల్-22 అనే రక్షణ సిగ్నల్ వదులుతాయి, దాని వల్ల కాండిడా అనే ఫంగస్ అక్కడ పాతుకుపోలేదు. బాగుంది. కానీ చూశారా, ఇక్కడ కష్టపడింది బ్యాక్టీరియా. మనం మింగిన క్యాప్సూల్ చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి పోతది, ఆ బ్యాక్టీరియా దాకా ఎంత మిగులుతదో డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

రక్తంలోకి పోయింది ఏమైతది అంటే, దాదాపు 95 శాతం కైనురెనిన్ దారి పడతది, అంటే విరిగి కైనురెనిన్ అనే ఇంకో పదార్థంగా మారే దారి. మామూలుగా లివర్లో టీడీఓ అనే ఎంజైము ఆ పని చేస్తది, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సిగ్నల్ ప్రోటీన్ ఇమ్యూన్ కణాల్లో ఐడీఓ అనే ఇంకోదాన్ని లేపుతది. ఇక్కడే నాకు నవ్వొచ్చింది, లేబుల్ మీద ‘పెంచును’ అని ఉంది కదా, ఈ కైనురెనిన్ చేసే ముఖ్యమైన పని తగ్గించడం! ఇమ్యూనిటీని శాంతపరిచే టీ-రెగ్ కణాల్ని పెంచి, ఐఎల్-17 అనే సిగ్నల్ వదిలి ఫంగస్‌తో పోరాడే టీహెచ్17 కణాలకి కళ్ళెం వేస్తది. కళ్ళెం అక్కర్లేదని కాదు, 2008లో అదే గ్రూపు క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ (పుట్టుకతో వచ్చే ఇమ్యూనిటీ లోపం) ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెట్టి చూస్తే, ఐడీఓ పనిచేయక వాపు అదుపు తప్పింది, కైనురెనిన్, ఇంటర్‌ఫెరాన్ గామా కలిపి ఇస్తే తేరుకున్నాయి. అయితే 2010లో అదే జబ్బున్న మనుషుల తెల్లరక్తకణాల్లో వేరేవాళ్ళు చూస్తే ఈ దారి శుభ్రంగా నడుస్తానే ఉంది. ఎలుకది ఎలుకకే. పోనీ కళ్ళెం ఎక్కువైతే మంచిదా అంటే అదీ కాదు, సోరియాసిస్‌కి ఐఎల్-17ని అడ్డుకునే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళకి నోట్లో కాండిడా పూత రావడం డాక్టర్లందరికీ తెలిసిందే.

పైగా నాది కాండిడా కాదు, ఆస్పర్జిల్లస్ కాదు, తామర. వీళ్ళు అన్నిటినీ కలిపి ‘ఫంగస్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంకో తమాషా, శోభి మచ్చలు తెచ్చే మలసీజియా ఉంది చూడండి, ల్యాబ్‌లో దానికి ట్రిప్టోఫాన్ పెడితే తనే ఇండోల్ పదార్థాలు వండుకుంటది, అవి కూడా అదే ఏహెచ్ఆర్‌ని తాకేవే. అంటే ఆ తాళంచెవి దొంగ దగ్గర కూడా ఉందన్నమాట.

వాడకం సంగతికొస్తే, క్యాప్సూల్ లావు, రెండు గుక్కల నీళ్ళకి దిగదు. మధ్యాహ్నం వేసుకుంటే మీటింగులో తల వాలిపోయింది, అందుకే రాత్రికి మార్చా. అసలు కోపం ఎక్కడంటే, ట్రిప్టోఫాన్‌లో కొంత మెదడులో సెరటోనిన్ అనే రసాయనంగా మారతది, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళకి దీంతో ఆ సెరటోనిన్ మోతాదు మించే ప్రమాదం ఉంది, ఆ హెచ్చరికే లేదు. 1989లో కల్తీ కలిసిన ఎల్-ట్రిప్టోఫాన్ తిని అమెరికాలో 1,500 మందికి పైగా కండరాల నొప్పులు, ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పెరిగే జబ్బు పాలయ్యారు, కొందరు చనిపోయారు కూడా. ఆ చరిత్ర ఉన్న సరుకు అమ్మేటప్పుడు ప్యూరిటీ టెస్టు రిపోర్టు అయినా పెట్టాలి కదా, నా డబ్బా మీద బ్యాచ్ నంబరే వేలు తగిలితే చెరిగిపోయింది.

మూడో నెల చివర డెర్మటాలజిస్టు దగ్గరికెళ్ళా. బ్లేడుతో రింగు అంచున కాస్త గీకి, స్లైడు మీద ఓ చుక్క కేఓహెచ్ (చర్మపు పొట్టుని కరిగించే క్షారం) వేసి మైక్రోస్కోపులో చూపించారు, సన్నటి గాజు పుల్లల్లా కొమ్మలు కొమ్మలుగా ఫంగస్. తర్వాత నా క్రీము ట్యూబు అడిగి తిప్పి చూసి, ఇందులో స్టెరాయిడ్ కలిసుంది బాబూ, అందుకే ఆపగానే తిరగబడుతోంది అన్నారు. ట్యూబు మార్చి మాత్రలు ఇచ్చారు, ఆరు వారాలైంది, రింగు లేదు.

రిటర్న్ పెడితే సీలు తీశారు కాబట్టి కుదరదు అన్నారు. అర స్టార్ మూత గట్టిగా పడుతున్నందుకు.